బోర్లించిన పుచ్చడొప్పలు

పుచ్చడొప్పలు బోర్లించి ఉన్నాయి. అందుకే నేను పిల్లల్ని కోటలోకి తీసుకెళ్ళాను.

మా గోబీ ఎడారిలో పుచ్చకాయ తిన్నవాడెవడూ డొప్పని వెల్లకిలా పారెయ్యడు. బోర్లించి ఇసుకలోకి నొక్కుతాడు. అలా పెడితే లోపలి తేమ రెండు మూడు రోజులు ఆరదు. దారి తప్పి, నాలుక పిడచకట్టుకుపోయినవాడు దాన్ని గీక్కుని ఒక పూట బతుకుతాడు. ఇది మాకు ఎవరూ పాఠంగా చెప్పరు. తినడం అయ్యాక చెయ్యి తనంతట తనే బోర్లిస్తుంది. బయటివాళ్ళకి ఈ సంగతి తెలియదు, తిని విసిరేసిపోతారు.

ఆ వేసవి రక్తంతోనే మొదలైంది. జూన్ మొదటి వారంలో ఒంటెమెడ కోట కాపలాదారు ఫాన్ తాతని తలుపు చెక్క మీద పడుకోబెట్టి ఊళ్ళోకి మోసుకొచ్చారు. రెండు మోకాళ్ళూ ఇనప గొట్టంతో చితక్కొట్టారు. అరవకుండా నోట్లో ఇసుక కుక్కారు. ఇసుకంతా కడిగాక తాత చెప్పిన మాటలు ఇవే:

"ముగ్గురు. మొహాలకి గుడ్డలు. ఇద్దరు కొట్టారు. మూడోవాడు మొహం తిప్పుకుని నించున్నాడు."

ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఈ మాటే చెప్పాను. మా ఇంట్లో మేం ముగ్గురం. నేను, మా తమ్ముడు షున్జీ, వాడి ఎనిమిదేళ్ళ కూతురు షింగ్. మరదలు దక్షిణాదికి ఫ్యాక్టరీ పనికని వెళ్ళి మళ్ళీ రాలేదు. అమ్మానాన్న పోయేనాటికి నాకు పద్దెనిమిది, వాడికి పది. వాణ్ణి నేనే పెంచాను. ఆ ఏడు, పన్నెండేళ్ళకోసారి వచ్చే ఎద్దు సంవత్సరం. వాడు పుట్టిందీ ఎద్దు సంవత్సరంలోనే. సొంత సంవత్సరం తిరిగొస్తే కీడని కొత్త సంవత్సరం నాడు వాడి మణికట్టుకి ఎర్రదారం కట్టాను. ముప్పై ఆరేళ్ళ మగాడు చిన్నపిల్లాడిలా చెయ్యి చాపి కట్టించుకున్నాడు.

"నన్నడిగితే ఆ మొహం తిప్పుకున్నవాణ్ణి ముందు తన్నాలి," అన్నాను.

షున్జీ నూడుల్స్ గిన్నె కింద పెట్టాడు. "ఎందుకక్కా? వాడు కొట్టలేదుగా."

"చూస్తూ ఊరుకున్నాడుగా."

"చూడలేదు. మొహం తిప్పుకున్నాడని నువ్వే అన్నావు."

షింగ్ చప్పట్లు కొట్టింది. "అత్త ఓడిపోయింది! టీచరుకే సున్నా!"

ముగ్గురం నవ్వాం. వాడు నవ్వుతూనే గిన్నె తీసుకెళ్ళి పెరట్లో కడిగాడు. చాలాసేపు కడిగాడు.

పోలీసులు కోట దగ్గర పన్నెండు రోజులు కాపలా ఉండి వెళ్ళిపోయారు. సమాధులు తవ్వే దొంగలు జిల్లా దాటారన్నారు. సెలవులిచ్చే ముందు బడిపిల్లల్ని కోటకి తీసుకెళ్ళడం మా ఊళ్ళో పద్ధతి. పద్నాలుగేళ్ళుగా నేనే తీసుకెళ్తున్నాను. ఈసారి వద్దన్నాడు హెడ్మాస్టరు.

"మీకు పిచ్చా, మియావో టీచర్? ఫాన్ తాత ఇంకా మంచం దిగలేదు!"

"మనం వెళ్ళడం మానేస్తే అది వాళ్ళ కోట అయిపోతుందండీ."

"పిల్లలకేమైనా అయితే?"

"మనిషి జాడ కనబడితే గుమ్మంలోంచే వెనక్కి తిప్పుతాను."

ఆ మాట మీద ఒప్పుకున్నాడు. శనివారం అనుకున్నాం. షున్జీ కూడా అడిగాడు. "శనివారమేగా అక్కా?" అని రెండుసార్లు అడిగాడు. పిల్ల ఊళ్ళో లేనప్పుడు తన పనేదో చూసుకుంటాడు కాబోలనుకున్నాను. రోడ్డు కంకర క్వారీలో పని దొరికిందని నెల రోజులుగా తెల్లారకముందే వెళ్ళి పొద్దుగూకాక వస్తున్నాడు.

గురువారం ఉదయం ఊరి మైకులో చెప్పారు, శుక్రవారం నుంచి గాలి లేస్తుందని. మూడు రోజులు ఇసుక తప్ప ఏమీ కనబడదని. శనివారం దాకా ఆగితే ఇక ఆ ఏటికి లేనట్టే. అప్పటికప్పుడు గాడిదబండి కట్టించాను. షున్జీ అప్పటికే పనికి వెళ్ళిపోయాడు.

పిల్లలు ఏడుగురు. అందరికంటే పెద్దది పన్నెండేళ్ళ మెయ్‌జీ, ఏదైనా రెండుసార్లు లెక్కపెడితేగాని నమ్మదు. నోరు మూతపడనివాడు తియెషు. మిగతావాళ్ళలో మా షింగే చిన్నది. ఆవిరి రొట్టెలు, ఉడకబెట్టిన గుడ్లు, రెండు పుచ్చకాయలు, నీళ్ళ డబ్బా. ఏడు కిలోమీటర్లు.

"టీచర్, దొంగలొస్తే గాడిద కాపాడుతుందా?" అన్నాడు తియెషు.

"నువ్వు మాట్లాడుతూ ఉండరా, వాళ్ళే పారిపోతారు," అంది మెయ్‌జీ.

కోట పడమటి గోడ సందు దగ్గర బండి ఆపాను. గోడనీడలో ఇసుక మీద టైరు గుర్తులు ఉన్నాయి. మెయ్‌జీ ముందు చూసింది.

"టీచర్, కొత్తవి. గాలి అంచులు కూడా చెరపలేదు. వెనక్కి వెళ్దామా?"

వెళ్దామనే అనబోయాను. గాడిద కళ్ళెం పట్టుకుని సగం తిప్పాను కూడా. అప్పుడు కనబడ్డాయి డొప్పలు. నాలుగు. వరసగా బోర్లించి, ఇసుకలోకి నొక్కి ఉన్నాయి. ఒకటి ఎత్తి చూశాను. తడిగా ఉంది, ఎర్రటి గుజ్జు కొంచెం మిగిలింది.

"మనవాళ్ళే," అన్నాను. "క్వారీవాళ్ళో, పురావస్తు శాఖ తరఫున మన ఊరి కూలీలో అయ్యుంటారు. దొంగలు ఇలా పెట్టరు."

మెయ్‌జీ టైరు గుర్తుల వైపు ఇంకోసారి చూసింది. కాని టీచరు చెప్పింది కదా.

మట్టిగోడలు చూడగానే పిల్లలకి పూనకం వచ్చింది. తియెషు కాపలా బురుజు ఎక్కి సేనాపతి అయిపోయాడు. అక్కణ్ణుంచి గోడ వెనక సమాధుల దిబ్బలు కనిపిస్తాయి. వాడు చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని కేక పెట్టాడు.

"శత్రువుల జీపు! టీచర్, నిజంగానే జీపు! ఒరే, మన షున్జీ బాబాయ్ ఉన్నాడు అక్కడ!"

"నాన్నా!" అంది షింగ్.

పట్టుకోబోయాను. చేతికి జడ కొస తగిలి జారిపోయింది. అది గోడ సందులోంచి దూరి దిబ్బల వైపు పరిగెత్తింది.

నేను వెళ్ళేసరికి దాని జడ ఒక గడ్డం మనిషి పిడికిట్లో ఉంది. కాళ్ళు నేలకి ఆనడం లేదు. అతని రెండో చేతిలో గొట్టం కోసి పొట్టిచేసిన వేట తుపాకీ ఉంది. పక్కన నేలలో మనిషి పట్టేంత గొయ్యి, దానిమీద మూడు కర్రల గిలక. ఒక పొట్టివాడు రంగుబొమ్మల ఇటుకల్ని గడ్డిలో చుట్టి జీపులో పేరుస్తున్నాడు. గిలక తాడు పట్టుకుని మా తమ్ముడు నిలబడ్డాడు.

"ఎవరిదీ పిల్ల?" అన్నాడు గడ్డం మనిషి.

షున్జీ తాడు వైపు చూస్తూ చెప్పాడు. "ఊరి పిల్ల, కాన్ అన్నా."

"నాన్నా, నొప్పి!" అంది షింగ్.

కాన్ నవ్వాడు. "ఊరి పిల్ల! ఊళ్ళో పిల్లలందరూ నిన్ను నాన్నా అంటారా? పెద్ద మగాడివే."

నేను ఆలోచించలేదు. వెళ్ళి వాడి చేతి మీద పళ్ళు దించాను. నోట్లో ఉప్పగా తగిలింది. జడ వదిలాడు. మరుక్షణం తుపాకీ మడమ నా ఎడమ చెవి మీద పడింది. కింద పడ్డాక బూటుతో పక్కటెముకల్లో తన్నాడు, ఒకటి, రెండు, మూడు. నా వెనకే పరిగెత్తుకొచ్చిన పిల్లల్లోంచి తియెషు రాయి విసిరాడు. కాన్ వాడి తలకి జానెడు పైన పేల్చాడు. పిల్లలందరూ ఒక్కసారిగా నేలకి కరుచుకున్నారు. తియెషు నిక్కరు తడిసింది. ఆ రోజు మొదటిసారి వాడి నోరు మూతపడింది.

"శనివారం వస్తారన్నావుగా?" కాన్ షున్జీ వైపు తిరిగాడు.

"శనివారమే అన్నా. అక్క శనివారమే అంది."

"అక్కా! కూతురు, అక్క. ఇంకెవరున్నారు, తాతని కూడా పిలువు. ఆ, తాతకి కాళ్ళు లేవుగా." పొట్టివాడు పడీపడీ నవ్వాడు. కాన్ నవ్వలేదు. "లోపలికి దింపు. అందర్నీ."

బుట్టలో కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ దింపాడు మా తమ్ముడు. గిలక కిర్రుమంటోంది. తుపాకీ గొట్టం వాడి వీపుకే ఆనించి ఉంది, అది నాకు కనబడుతూనే ఉంది. వాడు ఎవరి మొహమూ చూడలేదు. ఆఖరున నా వంతు వచ్చింది.

"మళ్ళీ మొహం తిప్పుకున్నావా షున్జీ?" అన్నాను.

వాడు తాడు ముడి సరిచేస్తున్నట్టు వంగి చెప్పాడు. "ఒక్క గంట అక్కా. జీపు కదిలాక నేనే వెనక్కొచ్చి తీస్తాను. ఒట్టు."

నేను వాడి మొహం మీద ఉమ్మేశాను.

గొయ్యి మూడు నిలువుల లోతు. అడుగున పక్కకి ఒక ఇటుకల గది. కొన్ని ఇటుకలు పెకలించగా మిగిలినవాటి మీద బొమ్మలు ఉన్నాయి. నాగలి పట్టిన రైతు, కోళ్ళు, మేక చర్మం ఒలుస్తున్న మనిషి. పద్నాలుగేళ్ళుగా ఇలాంటివాటి గురించి పాఠం చెబుతున్నాను, ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. కింద దొంగలు మరిచిపోయిన టార్చి ఒకటి వెలుగుతోంది. పగలగొట్టిన శవపేటిక పక్కన ఏడుగురూ ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. మెయ్‌జీ లెక్కపెడుతోంది. ఏడు. మళ్ళీ మొదటినుంచి. ఏడు.

బుట్ట పైకి వెళ్ళింది. తాడూ వెళ్ళింది. కాసేపటికి మట్టి పడింది.

మొదట జారిందనుకున్నాను. తరవాత గంపెడు పడింది. తరవాత ఇంకో గంప. పైనుంచి పొట్టివాడి మాట వినిపించింది, "తొందరగా పూడ్చేద్దాం, ఎండ మండిపోతోంది."

"పూడ్చేస్తున్నారు," అంది మెయ్‌జీ నెమ్మదిగా, చిన్నవాళ్ళకి వినబడకుండా.

మట్టి గది గుమ్మం ముందు మోకాలెత్తు లేచింది. తియెషు చేతులతో వెనక్కి తోడుతున్నాడు, గోళ్ళు చీలి నెత్తురు కారుతున్నా ఆపలేదు. టార్చి వెలుగులో ధూళి తప్ప ఏమీ కనబడటం లేదు. పిల్లలు దగ్గుతున్నారు. ఇటుకలు పెకలించే పొట్టి గునపం ఒకటి నా కాలికి తగిలింది.

అప్పుడు పైన అరుపులు. ఏదో బరువుగా పడిన చప్పుడు. జీపు ఇంజను. తుపాకీ పేలింది. ఇంజను చప్పుడు దూరమైంది.

మట్టి ఆగింది.

తుపాకీ కాన్ దగ్గర ఉంది. కాబట్టి ప్రాణం పోయింది మా తమ్ముడికే. జీపులో వెళ్ళింది పొట్టివాడు, పైన మిగిలింది కాన్. నేను ఇలాగే లెక్క వేశాను. ఇప్పుడైనా ఇంకోలా వెయ్యలేను.

దొంగలు ఎక్కిదిగడానికి గొయ్యి రెండు వైపులా కాలివేళ్ళు పట్టేంత మెట్లు చెక్కుకున్నారు. గునపాన్ని తలగుడ్డతో నడుముకి కట్టుకున్నాను.

"నేను పిలిచేదాకా ఎవరూ గుమ్మంలోకి రాకండి," అన్నాను.

విరిగిన పక్కటెముకలతో ఆ మెట్లు ఎంతసేపు ఎక్కానో తెలియదు. రెండు నిలువులు ఎక్కాక తల మీద వెలుతురు ఆరిపోయింది. గొయ్యి అంచు మీద ఎవరో బోర్లా పడ్డారు. ఇసుక జల్లుగా నా కళ్ళలో పడింది. నల్లటి తల, దాని వెనక తెల్లటి ఆకాశం. ఒక చెయ్యి నా వైపు కిందికి వచ్చింది.

కాళ్ళు రెండు వైపులా బిగించి, గునపం రెండు చేతులా పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి పైకి పొడిచాను.

మెత్తగా దిగింది. వేడిగా ఏదో నా నుదుటి మీద పడి ముక్కు పక్కగా కారింది. ఆ చెయ్యి వెనక్కి వెళ్ళలేదు. నా మొహం ముందే వేలాడింది. కళ్ళలో ఇసుక తుడుచుకున్నాను.

మణికట్టుకి ఎర్రదారం ఉంది.

పైకి ఎక్కాను. గునపం మెడ కింద, భుజం ఎముక లోపలికి దిగింది. తొడలో తుపాకీ గుండ్లు ఉన్నాయి. జీపు నిలబడిన చోటునుంచి గొయ్యి దాకా ఇసుకలో ఈడ్చుకొచ్చిన చార ఉంది, పక్కన రక్తం. ఆ చార మొదట్లో కాన్ పడి ఉన్నాడు. సమాధులు వెతికే పొడుగు పార వాడి మెడలో ఇరుక్కుని నిట్టనిలువుగా నిలబడింది. పొట్టివాడు లేడు, జీపు లేదు.

షున్జీ కళ్ళు తెరిచే ఉన్నాయి. మాట్లాడబోతే నురగ వచ్చింది. రెండో చేతిలో తాడు కొస ఉంది. అప్పటికే దాన్ని గిలక మీంచి వేసి, కొసకి పిల్లలు కూర్చునేలా ఉచ్చు కట్టాడు. ఆ కొస నా చేతిలోకి తోశాడు.

"ఏడుగురూ ఉన్నారు," అన్నాను. "షింగ్ బాగుంది. షున్జీ, విను, పిల్ల బాగుంది."

విన్నాడో లేదో తెలియదు.

వాడి మీద, ఎండకి వేసుకున్న నా పల్చటి కోటు కప్పాను. గాడిదని విప్పి తెచ్చి తాడుకి కట్టాను. మొదట చిన్నవాళ్ళు, తరవాత పెద్దవాళ్ళు. షింగ్ మొదటి వంతునే వచ్చింది. కోటు వైపు చూసింది. కోటు కింద నుంచి బయటికి కనబడుతున్న బూట్లు చూసింది. బండి ఎక్కి కూర్చుంది.

తిరుగుదారిలో గాడిద కళ్ళెం పట్టుకుని ముందు నడిచాను. వెనక బండిలో మెయ్‌జీ గొంతు గుసగుసలాడుతూనే ఉంది. నా ఎడమ చెవి మోగిపోతోంది, మాటలు తెలియలేదు. పిల్లల్ని ఓదారుస్తోందనుకున్నాను.

గాలి చెప్పినట్టే శుక్రవారం లేచింది. మూడు రోజులు ఊరంతా తలుపులేసుకుంది. ఆ గాలిలోనే మా తమ్ముణ్ణి అమ్మ పక్కన పూడ్చాం. ఫాన్ తాత మంచం మీదే మోయించుకుని వచ్చాడు. "మూడోవాడు వీడేనని నాకు ఆ రోజే తెలుసు," అన్నాడు నాతో. "నిలబడ్డ తీరు బట్టి పోల్చాను. నీ మొహం చూసి చెప్పలేదు." చెప్పి ఉంటే, అని ఆయనా అనలేదు, నేనూ అనలేదు.

పొట్టివాడు ఆగస్టు మొదట్లో ఒక రైల్వే స్టేషన్లో దొరికాడు. షున్జీ పార ఎత్తడం చూసి జీపెక్కి పారిపోయానని, ఆ తరవాతి సంగతి తెలియదని చెప్పాడు. నన్నూ షింగ్‌నీ టౌనుకి పిలిపించారు. షింగ్‌ని వరండాలో కూర్చోబెట్టి, నన్ను లోపలికి పిలిచాడు ఇన్‌స్పెక్టర్ శుయె. ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు పోసిచ్చాడు.

"రాసేశానమ్మా. చదివి వేలిముద్ర వేస్తే చాలు."

చదివాను. కాన్ అనేవాడు మియావో షున్జీని గునపంతో పొడిచాడు. మియావో షున్జీ ఆ గాయంతోనే కాన్‌ని పారతో చంపి, పిల్లల్ని కాపాడబోతూ చనిపోయాడు.

"ఇది ఎవరు చెప్పారు?"

"పిల్లలు. ఏడుగురినీ విడివిడిగా అడిగాం. గడ్డం మనిషి పొడవడం గొయ్యిలోంచి చూశామన్నారు. ఒక్క మాట తేడా లేదు." గ్లాసు నా వైపు జరిపాడు. "ఏడుగురు పిల్లలు ఒక్క మాట తేడా లేకుండా చెబితే నాకు తెలీదా అమ్మా? కానీ బాగుంది. మీ తమ్ముడికి మంచిపేరు మిగులుతుంది. పిల్లకి కూడా. మీరు వెయ్యండి."

బండి వెనక గుసగుసలు అప్పుడు అర్థమయ్యాయి. పిలిచేదాకా రావద్దన్నా గుమ్మంలోకి వచ్చి పైకి చూశారన్నమాట. పన్నెండేళ్ళ పిల్ల ఆరుగురిని కూర్చోబెట్టి ఏం చెప్పాలో నేర్పింది. తియెషు, ఏ రహస్యాన్నీ పూట కూడా దాచలేనివాడు, నెల రోజులుగా దాచాడు. ఇంక ముప్పై, నలభై ఏళ్ళు దాచాలి. నా కోసం.

"ఇది తప్పు," అన్నాను. "పొడిచింది నేను."

"మియావో టీచర్..."

"వాడు చెయ్యి అందివ్వడానికి వచ్చాడు. నేను కాన్ అనుకున్నాను. కాన్‌ని చంపింది మాత్రం వాడే. ఫాన్ తాత కాళ్ళు విరిగినప్పుడు మొహం తిప్పుకున్నవాడూ వాడే. మూడూ రాయండి. పిల్లలు భయంతో సరిగ్గా చూడలేదని రాయండి."

ఇన్‌స్పెక్టర్ ముందు రాసిన కాగితం మడిచి పక్కన పెట్టాడు. కొత్త కాగితం తీశాడు. రాయడం అయ్యాక ఎర్రసిరా డబ్బా మూత తీసి ముందు పెట్టాడు. బొటనవేలు అద్ది వేశాను. ఆత్మరక్షణ కింద పోతుందన్నాడు, మళ్ళీ పిలిస్తే రావాలన్నాడు.

వరండాలో షింగ్ లేచి నిలబడి ఉంది. తలుపు రెక్క సగం తెరిచే ఉంది.

"ఏడుగురం కలిసి చెప్పాం," అంది. "ఎవ్వరం తప్పలేదు. నువ్వెందుకు ఒప్పుకున్నావు?"

"నిజం కాబట్టి."

"తెలుసు. నేను కింద నుంచి చూశాను." తలుపు రెక్క నెట్టి మూసింది. "అయినా చెప్పాను. నీ కోసం చెప్పాను. నువ్వు పాడు చేశావు."

బస్టాండు దాకా నాకంటే పది అడుగులు ముందు నడిచింది. బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, బడిసంచీ పక్క సీటు మీద పెట్టింది. నేను కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. పక్కటెముకలు ఇంకా అతుక్కోలేదు, బస్సు కుదిపినప్పుడల్లా ఊపిరి ఆగుతోంది. అది కిటికీ బయటికే చూస్తోంది.

పత్తిచేల దగ్గర బస్సు ఆగింది. ఎవరో ముసలామె కోడిపెట్టల బుట్టతో ఎక్కి, సీట్లన్నీ చూసుకుంటూ వచ్చి దాని దగ్గర ఆగింది.

"ఇది ఖాళీయేనా తల్లీ?"

షింగ్ కిటికీ నుంచి తల తిప్పింది. సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"కాదమ్మమ్మా," అంది. "మా అత్తది."